టోటల్ లాస్ కారు కొనాలా వద్దా: కాగితాల నుంచి ఛాసిస్ దాకా ఎలా చూసుకోవాలి

మార్కెట్లో 6 లక్షలు పలికే కారు 4 లక్షలకే వస్తోందంటే దానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఓనర్‌కి అర్జెంటుగా డబ్బు కావాలి, ఫారిన్ వెళ్లిపోతున్నాడు, డాక్టర్ గారి బండి, ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది... ఆటో కన్సల్టెన్సీల దగ్గర ఈ కథలకు కొదవ లేదు. చెప్పని కథ ఒకటి ఉండొచ్చు: ఆ బండిని ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద రాసేసి, ఓనర్‌కి డబ్బు ఇచ్చేసింది. పాడైన బండిని ఇంకెవరో వేలంలో కొన్నారు. టింకరింగ్, పెయింటింగ్ చేయించి మళ్లీ రోడ్డెక్కించారు.

ఇలాంటి బండి కొనడం చట్టప్రకారం తప్పేమీ కాదు. కొన్నిసార్లు మంచి బేరం కూడా. కాకపోతే మన దగ్గర ఒక చిక్కుంది. బ్రిటన్‌లో రైటాఫ్ (అంటే టోటల్ లాస్) అయిన కారుకి కేటగిరీ ఎస్ అనో, కేటగిరీ ఎన్ అనో రికార్డులో పడిపోతుంది. అమెరికాలో టైటిల్ (ఓనర్‌షిప్ పత్రం) మీదే సాల్వేజ్ అనో రీబిల్ట్ అనో రాసి ఉంటుంది. మన ఆర్‌సీ మీద అలాంటి ముద్ర ఏదీ ఉండదు. అమ్మేవాడు నోరు విప్పకపోతే, తవ్వి తీసుకోవాల్సింది కొనేవాళ్లే.

ముందు టోటల్ లాస్ ఎలా అవుతుందో తెలియాలి

ప్రతి పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది, బండి మొత్తంగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ అది. కారు తయారీ కంపెనీ ప్రకటించిన అమ్మకపు ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీసేస్తే వచ్చేదే ఈ అంకె. ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం, నాలుగు దాటి ఐదేళ్ల లోపు బండికి 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ, ఓనర్ మాట్లాడుకుని ఒక అంకె అనుకుంటారు. రిపేరు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అంటారు. బాగుచేయించడం కంటే డబ్బు ఇచ్చేయడమే మేలని కంపెనీ లెక్క.

ఇప్పుడు ఒకే మోడల్ కార్లు రెండు తీసుకోండి. ధర 8 లక్షలు. ఒకటి ఏడాదిన్నర బండి: ఐడీవీ 6 లక్షల 40 వేలు, టోటల్ లాస్ కావాలంటే ఎస్టిమేట్ 4 లక్షల 80 వేలు దాటాలి. రెండోది నాలుగున్నరేళ్ల బండి: ఐడీవీ 4 లక్షలు, 3 లక్షలు దాటితే చాలు. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో అన్నీ కొత్త పార్ట్‌లతో ఎస్టిమేట్ వేస్తే రెండు ఎయిర్‌బ్యాగులు, డ్యాష్‌బోర్డ్, బానెట్, హెడ్‌లైట్లు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, లేబర్ అన్నీ కలిపి ఆ గీత దగ్గరికి చేరడానికి పెద్ద దెబ్బే అక్కర్లేదు. ఇంకా పాత బండి అయితే మరీ తేలిక.

అందుకే నేను టోటల్ లాస్ అన్న మాట విని వెంటనే భయపడమని చెప్పను. బండి ఎంత పాతదై ఉండగా అయింది, ఎందుకు అయింది అని అడగమంటాను. ఏడెనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్ ముందు భాగం దెబ్బతిని టోటల్ లాస్ అయితే బాడీ షెల్ నిక్షేపంగా ఉండి ఉండొచ్చు. ఏడాది బండి టోటల్ లాస్ అయిందంటే మాత్రం అది నిజంగానే నుజ్జయింది, లేదా నీళ్లలో మునిగింది.

మూడో రకం కూడా ఉంది. దొంగతనం క్లెయిమ్ సెటిల్ అయ్యాక బండి దొరికితే అది ఇన్సూరెన్స్ కంపెనీకి చెందుతుంది, వాళ్లు దాన్ని వేలం వేస్తారు. ఇలాంటివాటిలో ఒక్క గీత కూడా లేని బండ్లు ఉంటాయి. సెటిల్‌మెంట్ కాగితాలు, పోలీసుల రికవరీ కాగితాలు, కోర్టు నుంచి బండి విడిపించిన ఆర్డర్ సరిగా ఉంటే టోటల్ లాస్ బండ్లలో నేను మొదట చూసేవి ఇవే.

నా వరకు ఎంత తక్కువకు వచ్చినా తీసుకోనివి రెండు: సీట్లదాకా మునిగిన బండి, పిల్లర్ (తలుపుల పక్కన రూఫ్‌ని మోసే నిలువు స్తంభం) కోసి అతికించిన బండి. మిగతావన్నీ ధరను బట్టి ఆలోచించేవే.

మొదటి అడుగు: బండి చూడ్డానికి వెళ్లకముందే

ఆర్‌సీ ఫొటో, ఇప్పటి ఇన్సూరెన్స్ పాలసీ, అంతకుముందు ఏడాది పాలసీ వాట్సాప్‌లో పెట్టమని అడగండి. "ముందు వచ్చి బండి చూడండి సార్, కాగితాలు తర్వాత" అంటే అక్కడే ఆగిపోవచ్చు. సాఫీగా ఉన్న బండి కాగితాలు పంపడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఆర్‌సీ స్టేటస్, ఎన్నో ఓనరు, ఏ బ్యాంకు హైపోథికేషన్ (లోన్ తాకట్టు) ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది చూడండి. అక్కడ పూర్తి వివరాలు రాకపోతే ఆ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. చలానాలు కూడా ఓసారి చూస్తే మంచిది. డబ్బు కోసం మాత్రమే కాదు. ఏ తేదీల్లో ఏ ఊళ్లో తిరిగిందో అవే చెబుతాయి. "కరీంనగర్ దాటి ఎప్పుడూ వెళ్లలేదు" అన్న బండికి వేరే రాష్ట్రంలో చలానా ఉంటే మాట్లాడాల్సిన విషయం ఉన్నట్టే.

అసలు గుట్టు పాలసీల్లో ఉంటుంది. రెండు విషయాలు చూడండి.

ఒకటి, ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిచిన ప్రతి ఏడాదికి ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 20 శాతంతో మొదలై 25, 35, 45, 50 దాకా తగ్గింపు వస్తుంది. క్లెయిమ్ పడితే మళ్లీ సున్నా. నాలుగేళ్లుగా ఒకే ఓనర్ దగ్గర ఉన్న బండి పాలసీలో ఎన్‌సీబీ సున్నా ఉంటే, ఈ మధ్య క్లెయిమ్ జరిగి ఉండాలి, లేదా పాలసీ 90 రోజులకు మించి ఆగిపోయి ఉండాలి. దేనికో వాళ్లే చెప్పాలి. ఓనర్ మారితే మాత్రం ఎన్‌సీబీ ఎలాగూ సున్నా నుంచే మొదలవుతుంది, ఎందుకంటే అది బండిది కాదు, మనిషిది. కాబట్టి ఓనర్ మారిన తేదీతో కలిపి చదవాలి.

రెండోది, ఖాళీ. టోటల్ లాస్ డబ్బు ఇచ్చాక పాత పాలసీ అక్కడితో ముగిసిపోతుంది. తర్వాత బండి బాగుపడేదాకా నెలల తరబడి పాలసీ ఉండదు. ఆ తర్వాత వేరే కంపెనీ నుంచి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) మాత్రమే ఉన్న చవక పాలసీ తీసుకుంటారు. మూడేళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ కట్టిన బండికి హఠాత్తుగా ఏడెనిమిది నెలల ఖాళీ, ఆ వెంటనే థర్డ్ పార్టీ పాలసీ, ఆ వెంటనే ఓనర్ మార్పు. ఈ మూడూ ఒక వరసలో కనిపిస్తే రుజువు కాదు గానీ, నేనైతే టోటల్ లాస్ అనే అనుకుని మిగతా పరీక్షలు చేస్తాను.

తర్వాత సర్వీస్ హిస్టరీ. ఓనర్‌ని వెంటబెట్టుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళితే బండి నంబర్ మీద రికార్డు తీస్తారు. బాడీషాప్‌లో పెద్ద ఎస్టిమేట్ వేసి, దానికి రిపేరు బిల్లు పడకుండా, ఆ తర్వాత ఇంకెప్పుడూ బండి అక్కడికి రాకుండా పోయిందంటే కథ అర్థమైపోయినట్టే.

రెండో అడుగు: బాడీ

పగటి వెలుతురులో చూడండి. వాన పడుతున్నప్పుడు, అప్పుడే కడిగి తడిగా ఉన్నప్పుడు వద్దు. నీటి మెరుపు పెయింట్ తేడాలను దాచేస్తుంది.

బానెట్ ఎత్తి ఫెండర్లు, హింజెస్ పట్టుకున్న బోల్టులు చూడండి. ఫ్యాక్టరీలో బిగించాక వాటి మీద కూడా పెయింట్ పడుతుంది. స్పానర్ తగిలిన బోల్టు అంచుల్లో పెయింట్ లేచిపోయి ఉంటుంది. ఒక్క ఫెండర్ విప్పినంత మాత్రాన కొంప మునగదు, పార్కింగ్‌లో తగిలిన గీతకు కూడా విప్పుతారు. బానెట్, రెండు ఫెండర్లు, రేడియేటర్ పట్టీ అన్నీ విప్పిన గుర్తులుంటే లోపలికి వెళ్లాలి.

లోపల అంటే అప్రాన్లు (ఇంజిన్‌కి రెండు వైపులా చక్రాల పైన ఉండే లోపలి రేకులు), వాటి కింద ముందుకు సాగే రెండు ఛాసిస్ మెంబర్లు. ప్రమాదంలో దెబ్బను పీల్చుకునేవి అవే. ఎడమ వైపుదీ కుడి వైపుదీ పోల్చి చూడండి. ఒక వైపు రేకు ముడతలు పడి సాపు చేసినట్టు, సీలెంట్ వేలితో రాసినట్టు, కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టినట్టు ఉంటే అక్కడ పని జరిగింది.

ఇప్పుడు తలుపు తీసి, డోర్ ఫ్రేమ్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ని చేత్తో లాగండి. సులువుగానే వస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద రేకు అంచు మీద వరసగా, సమాన దూరంలో చిన్న గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అవి ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగులు. మిషన్ వేసినవి కాబట్టి ఒక క్రమం ఉంటుంది. ఆ గుంటలు మధ్యలో మాయమై, పుట్టీతో నున్నగా చేసి ఉన్నా, వెల్డింగ్ రాడ్డు జారినట్టు గట్లు కట్టి ఉన్నా ఆ పిల్లర్ కోశారన్నమాట. నాలుగు తలుపులకీ, డిక్కీకీ ఇదే చేయండి. డిక్కీలో స్టెపినీ తీసి దాని గుంత అడుగు రేకు కూడా చూడండి. వెనక నుంచి గట్టిగా తగిలితే ముడత పడేది అక్కడే. అమ్మేవాడు "బీడింగ్ ఎందుకు లాగుతున్నారండీ" అని విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. రీపెయింట్ చేస్తే పెరుగుతుంది. 300, 400 దాటి చూపిస్తే కింద పుట్టీ ఉంది. తలుపు మీద పుట్టీ ఉంటే బేరం ఆడొచ్చు. పిల్లర్ మీద, రూఫ్ మీద పుట్టీ ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. రూఫ్ మీద పుట్టీ ఉందంటే చాలావరకు బండి పల్టీ కొట్టినట్టే.

అద్దాల మూలల్లో కంపెనీ గుర్తు, తయారీ సంవత్సరం తెలిపే కోడ్ ఉంటాయి. ఆరు అద్దాల్లో ఒకటి తేడా ఉంటే రాయి తగిలి ఉండొచ్చు. ఒకే వైపు అద్దాలన్నీ కొత్తవైతే రాయి కాదు. హెడ్‌లైట్ల మీద, సీట్ బెల్టుల మీద ఉండే తయారీ తేదీలనూ ఇలాగే చదవండి.

మూడో అడుగు: నీళ్ల జాడ

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం. ఇలాంటి ప్రతి వరద తర్వాతా వేల బండ్లు నీళ్లలో నానాయి. అవన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, ఆరబెట్టి దూరపు ఊళ్లలో అమ్ముతారు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39తో ఒకే సిరీస్ మొదలైంది కాబట్టి ప్లేట్ చూసి ఊరు చెప్పలేం. ఆర్‌సీలో అడ్రస్ చూడాలి, ఆ వరద నెలలో బండి ఎక్కడుందో అడగాలి.

గుద్దుకున్న బండి లోపం కంటికి కనిపిస్తుంది, మునిగిన బండిది ఏడాది తర్వాత బయటపడుతుంది. వైరింగ్ సాకెట్లలో చిలుము నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. ఇవాళ పవర్ విండో ఆగుతుంది, వచ్చే నెల ఏబీఎస్ లైట్ వెలుగుతుంది, ఆ తర్వాత వర్షం పడిన రోజు బండి స్టార్ట్ అవ్వదు. ఏ మెకానిక్కీ మూలం దొరకదు.

సీట్ బెల్టుని చివరిదాకా లాగండి. మామూలుగా బయట కనిపించే రెండు మూడు అడుగులు శుభ్రంగానే ఉంటాయి, ఎందుకంటే కడిగింది అంతవరకే. చివర, ఎప్పుడూ రీల్‌లో చుట్టుకుని ఉండే భాగంలో లేత మట్టిరంగు గీత అడ్డంగా కనిపిస్తే నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. బెల్టు వాసన కూడా చూడండి.

తర్వాత సీటు పూర్తిగా వెనక్కి నెట్టి పట్టాల మీద టార్చ్ వేయండి. స్ప్రింగులు, పట్టాల బోల్టులు తుప్పు పట్టకూడదు. కార్పెట్ మూల ఎత్తి కింద ఉండే ఫోమ్‌ని నొక్కండి, చెమ్మ గానీ, సన్నటి ఒండ్రు గానీ ఉందేమో. కార్పెట్, సీటు కవర్లు కొత్తవిగా ఉండి మిగతా లోపలంతా పాతగా ఉన్నా, ఏసీ వేయగానే గాఢమైన పెర్ఫ్యూమ్ గుప్పుమన్నా జాగ్రత్తపడాలి. స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ తెరిచి ఒకటి రెండు ఫ్యూజులు పీకి కాళ్లు చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి పట్టి ఉంటే ఇక బండి గురించి మాట్లాడాల్సిన పనే లేదు.

ఇంజిన్ డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. నీళ్లలో ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన బండి మరీ ప్రమాదం: సిలిండర్‌లోకి వెళ్లిన నీరు గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొంచెం వంగిన రాడ్డుతో ఇంజిన్ కొన్నాళ్లు నడుస్తుంది కూడా. ఎలక్ట్రిక్ కారు మునిగిందని తెలిస్తే ధర అడగొద్దు, బ్యాటరీ ఒక్కటే మీ బడ్జెట్‌ని మింగేస్తుంది.

నాలుగో అడుగు: ఎయిర్‌బ్యాగులు

టోటల్ లాస్ బండిని బాగుచేసేవాడు ముందు డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. బ్యాగులు, బెల్ట్ ప్రిటెన్షనర్లు (ప్రమాదంలో బెల్టుని బిగించే భాగాలు), కంట్రోల్ యూనిట్ అన్నీ కొత్తవి వేయిస్తే అతనికి గిట్టదు. పేలిన చోట ఉత్త కవర్ బిగించి, లైట్ వెలగకుండా చేసి వదిలేసేవాళ్లు ఉన్నారు.

కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలగాలి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని పీకేశారు. ఆయిల్ లైటో బ్యాటరీ లైటో ఆరినప్పుడే సరిగ్గా అదీ ఆరుతుంటే దాన్ని ఆ వైరుకి కలిపేశారు. అది దాటినా సరే, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టించండి. చిన్న బ్లూటూత్ స్కానర్లు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కూడా చదివే మంచి స్కానర్ ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లాలి. స్కానర్‌లో "రెడీనెస్" అనే భాగం చూడమనండి. చాలా పరీక్షలు పూర్తి కాలేదని వస్తే, కోడ్‌లు ఇప్పుడే చెరిపేశారు, లేదా బ్యాటరీ ఇప్పుడే విప్పారు.

ఐదో అడుగు: ఛాసిస్ నంబర్

ఇది మీ డబ్బుకే కాదు, మీకూ ప్రమాదం. టోటల్ లాస్ బండి వేలంలో కొందరికి కావాల్సింది ఇనుము కాదు, ఆర్‌సీ. అదే మోడల్, అదే రంగు కారు దొంగిలించి, దాని మీద ఈ ఛాసిస్ నంబర్ కొట్టి అమ్మేస్తారు. ఇలాంటి ముఠాలు దేశంలో చాలాచోట్ల పట్టుబడ్డాయి. అలాంటి బండి మీ దగ్గర దొరికితే బండి పోతుంది, డబ్బు పోతుంది, స్టేషన్ చుట్టూ తిరుగుడు మిగులుతుంది.

17 అక్షరాల ఛాసిస్ నంబర్ రేకు మీద ఎక్కడ కొట్టి ఉంటుందో మోడల్‌ని బట్టి మారుతుంది: కొన్నిటికి ఇంజిన్ వెనక గోడ మీద, కొన్నిటికి ముందు సీటు కింద. అక్షరాల లోతు, వరస సమానంగా ఉండాలి. చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త పెయింట్, ఆ ముక్క చుట్టూ వెల్డింగ్ ఉంటే వెనుదిరగండి. దాన్ని స్టిక్కర్ మీది నంబర్‌తో, ఆర్‌సీతో, చాలా బండ్లలో స్కానర్ చూపించే కంప్యూటర్‌లోని నంబర్‌తో పోల్చండి. దొంగ రేకు మీద నంబర్ మారుస్తాడు, కంప్యూటర్‌లో మార్చడం మర్చిపోతాడు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల వాహన్ సమన్వయ్ సేవలో నంబర్లు ఇచ్చి దొంగతనం రికార్డు ఉందేమో కూడా చూసుకోండి.

ఆరో అడుగు: రోడ్డు మీద, అలైన్‌మెంట్ మిషన్ మీద

ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ స్టీరింగ్‌ని తేలిగ్గా పట్టుకోండి, బ్రేక్ వేసి చూడండి. ఏ పక్కకైనా లాగుతోందా గమనించండి. కానీ నేను ఎక్కువగా నమ్మేది వీల్ అలైన్‌మెంట్ రిపోర్టుని. కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది. కంప్యూటర్ మిషన్ ఉన్న షాపుకి తీసుకెళ్లి, సెట్ చేశాక వచ్చే ప్రింట్ అడగండి. సస్పెన్షన్ పార్ట్‌లు బాగానే ఉన్నా క్యాంబర్, క్యాస్టర్ (చక్రాల వంపు కోణాలు) అంకెలు ఒక వైపు ఎంత తిప్పినా లైన్‌లోకి రాకపోతే ఛాసిస్ వంకర పోయింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట టింకరింగ్ మేస్త్రీలు రేకుని అద్దంలా చేయగలరు, ఆ అంకెల్ని మాత్రం పెయింట్ కింద దాచలేరు.

ఏడో అడుగు: బేరం, రాతకోతలు

టోటల్ లాస్ అని తేలి, అయినా బండి నచ్చిందంటే మూడు అడగండి: ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టు గానీ సెటిల్‌మెంట్ లెటర్ గానీ, రిపేరు కాకముందు తీసిన ఫొటోలు, పార్ట్‌ల బిల్లులు. వేలానికి పెట్టేముందు ఫొటోలు తీస్తారు కాబట్టి అవి ఎవరో ఒకరి ఫోన్లో ఉంటాయి. ఫొటోలు చూపించినవాడికి పది వేలు ఎక్కువ ఇవ్వడానికైనా నాకు అభ్యంతరం లేదు.

ధర విషయంలో నా లెక్క ఇది: అదే మోడల్ మంచి బండి ధరలో కనీసం మూడో వంతు తగ్గాలి. పది శాతం తగ్గింపుకు ఈ టెన్షన్ అనవసరం. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

అడ్వాన్స్ ఇచ్చేముందు బండికి ప్రమాద చరిత్ర ఏమిటి, టోటల్ లాస్ క్లెయిమ్ జరిగిందా, వరదలో మునిగిందా అన్నది స్టాంప్ పేపర్ మీద స్పష్టంగా రాయించి సంతకం తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే. డీలర్ దాచిపెట్టి అమ్మాడని తేలితే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ నిలబడేది ఆ కాగితమే.

ఆర్‌సీ ఎవరి పేరు మీదుందో ఆ మనిషినే కలవాలి. వేలం బండ్లలో పాత ఓనర్ ఖాళీ ఫారం 29, 30 (ఓనర్ పేరు మార్పు ఫారాలు) మీద సంతకాలు పెట్టేసి ఎప్పుడో తప్పుకుని ఉంటాడు, ఆ ఫారాలు నలుగురి చేతులు మారి మీ దగ్గరికి వస్తాయి. ఆయన నంబర్ సంపాదించి ఒక్క ఫోన్ చేయండి. చాలాసార్లు "ఆ బండి ఇంకా నడుస్తోందా!" అని ఆయనే ఆశ్చర్యపోయి మొత్తం చెప్పేస్తాడు. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లు ఆర్‌టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, బండి తమ చేతికి వచ్చినట్టు ఫారం 29సీ ద్వారా తెలపాలి. అది ఉందా అని అడగడంలో తప్పులేదు. లోన్ ఉంటే హైపోథికేషన్ తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం). వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ, దాని పైన ఇక్కడి లైఫ్ ట్యాక్స్. ఢిల్లీ బండి చవక అని తెచ్చుకునేవాళ్లు ఈ లైఫ్ ట్యాక్స్ కలపకుండా లెక్క వేసుకుంటారు.

ఎనిమిదో అడుగు: ఇన్సూరెన్స్, డబ్బు కట్టకముందే

బండి నంబర్, ఫొటోలతో రెండు మూడు కంపెనీలను అడగండి: ఫుల్ ఇన్సూరెన్స్ ఇస్తారా, ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు చేస్తారు. పాత టోటల్ లాస్ సంగతి దాచకుండా చెప్పి, ఒప్పుకున్నట్టు ఈమెయిల్ తీసుకోండి. ఎవరూ ఓన్ డ్యామేజ్ ఇవ్వకపోతే ఆ బండి ధర ఇంకా కిందికి రావాలి, ఎందుకంటే రేపు తగిలే ప్రతి దెబ్బా మీ జేబులోంచే. లోన్ మీద కొనాలనుకుంటే బ్యాంకునీ ఇప్పుడే అడగండి.

కొన్నాక 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్చమని అప్లికేషన్ పెట్టాలి. థర్డ్ పార్టీ భాగం బండితో పాటే వస్తుంది గానీ, ఓన్ డ్యామేజ్ మీ పేరు ఎక్కేదాకా మీకు పనిచేయదు. పాత ఓనర్ ఎన్‌సీబీ మీకు రాదు. ఏజెంట్ "ఏం కాదులే సార్" అని ప్రపోజల్‌లో పాత ఎన్‌సీబీ అలాగే ఉంచితే ఒప్పుకోకండి, క్లెయిమ్ వేసిన రోజు కంపెనీ ముందుగా పట్టుకునేది దాన్నే. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినతను తీసిన ఫొటోల కాపీ మీరూ దాచుకోండి. తర్వాత ఎప్పుడైనా "ఈ సొట్ట ముందే ఉంది" అన్న వాదన వస్తే చూపించడానికి పనికొస్తాయి.